కెమెరా ముందు నుంచి సుషీ కౌంటర్ వెనక్కి: చెన్నైలో పని నేర్చుకున్న తీరు

సుషీ (పుల్లని అన్నంతో, పచ్చి చేపతో చేసే జపనీస్ వంటకం) కౌంటర్‌లో కొత్తగా చేరినవాడి చేతికి ముందు కత్తి ఇవ్వరు, బియ్యం ఇస్తారు. కోడంబాక్కం, వడపళని చుట్టుపక్కల సీరియళ్లు, డబ్బింగులు చేసుకుంటూ బతికిన నాలాంటి తెలుగు నటుడికి ఇది మింగుడుపడడం కొంచెం కష్టమే. బయటినుంచి చూస్తే ఈ పనంతా మనకి వచ్చిన విద్యలాగే కనిపిస్తుంది మరి: ఎదురుగా జనం, నెత్తిమీద లైటు, చేతులమీద అందరి చూపు. లోపలికొచ్చాక తెలిసేదేమిటంటే, ఆ కనిపించే భాగం రోజులో రెండు మూడు గంటలే. మిగతాదంతా అన్నం, ఐసు, తూకం.

ముందు పాత పని వదిలే సంగతి. రెండు పడవల మీద కాళ్లు ఇక్కడ అసలు కుదరవు. రెస్టారెంటుకి శుక్ర, శని, ఆదివారాలే వ్యాపారం. కాల్షీటేమో చెప్పాపెట్టకుండా మారుతుంది. వంటింట్లో గడ్డం, జుట్టు పెంచనివ్వరు. సీరియల్లో పాత్రకి గడ్డం ఉంటే ఆ ట్రాక్ ముగిసేదాకా తీయనివ్వరు. వేళ్ల మీది కోతలు క్లోజప్‌లో కనిపిస్తాయి. అందుకని పాత్రను ముగించమని ప్రొడక్షన్‌వాళ్లకి ముందే చెప్పి, రావలసిన చెక్కులు చేతికొచ్చేదాకా ఆగి, ఏడాది ఇంటిఖర్చు పక్కన పెట్టుకుని దిగాలి. డబ్బింగ్ ఒక్కటే కొంతవరకు కలుస్తుంది, అదీ వారపు సెలవు రోజున. షిఫ్టు మామూలుగా విరిగి ఉంటుంది: పొద్దున 11 నుంచి 3, సాయంత్రం 6 నుంచి రాత్రి 11:30. మధ్యలో మూడు గంటలున్నాయి కదా, ఓ ఎపిసోడ్‌కి గొంతు ఇచ్చి వద్దామనుకుంటే చెన్నై ట్రాఫిక్ ఒప్పుకోదు.

చేరే దారులు రెండు. స్టార్ హోటల్ అయితే కమీ 3, కమీ 2, కమీ 1, డీసీడీపీ, సీడీపీ, సూ షెఫ్ అని, కింది సహాయకుడి నుంచి పెద్ద షెఫ్ తర్వాతివాడి దాకా మెట్లుంటాయి. కింది మెట్టుకి హోటల్ మేనేజ్‌మెంట్ డిప్లొమా, ఇరవై ఏళ్ల వయసు చూస్తారు. ముప్పై దాటిన నటుడికి అక్కడ తలుపు తెరుచుకోవడం అరుదు. విడి జపనీస్ రెస్టారెంట్లలో సర్టిఫికెట్ కంటే ట్రయల్ షిఫ్టుకే విలువ. ఒరగడం, శ్రీపెరుంబుదూరు వైపు యమహాలాంటి జపాన్ కంపెనీలు ఉండడం వల్ల చెన్నైలో జపనీయులు గట్టిగానే ఉన్నారు, వాళ్లకోసం నడిచే హోటళ్లూ ఉన్నాయి. ట్రయల్‌లో కీరా కోయమంటారు, ఒక రోల్ చుట్టమంటారు. కానీ చూసేది రోల్‌ని కాదు, చుట్టాక బల్ల ఎలా ఉందన్నది. తడిగుడ్డ మడత మార్చి తుడిచాడా, కత్తి మొన అవతలివాడి వైపు పెట్టాడా, మెతుకులు కింద పడ్డాయా, అంతే. బయోడేటాలో నటన గురించి ఒక్క లైను చాలు. చేరేముందు మెడికల్ ఫిట్‌నెస్ సర్టిఫికెట్, టైఫాయిడ్ టీకా అడుగుతారు. దేశపు ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనల ప్రకారం ఆహారం ముట్టుకునే ప్రతివాడికీ ఏటా ఆ వైద్య పరీక్ష ఉండాలి. ఇంకో మాట: ఈ కౌంటర్లలో మణిపూర్, మిజోరం, నేపాల్ కుర్రాళ్లు చాలామంది, వంటింటి భాష హిందీ. తమిళం, తెలుగుతో నెట్టుకొద్దామంటే ఆర్డరు అర్థమయ్యేలోపు చేప వెచ్చబడుతుంది.

ఇక బియ్యం. సోనామసూరితో సుషీ అవదు. దానిలో అమైలోజ్ అనే పిండిపదార్థం ఎక్కువ, ఉడికితే మెతుకు మెతుకు విడిపోతుంది, చల్లారితే గట్టిపడుతుంది. కావలసింది పొట్టిగింజ జపోనికా, కోషిహికారిలాంటిది. కాలిఫోర్నియా కాల్‌రోజ్ మధ్యరకం గింజ. రోల్స్‌కి బాగానే నిలుస్తుంది, నిగిరికి (చిన్న అన్నం ముద్ద మీద చేప ముక్క పెట్టి చేసేది) కాస్త ముతక, ఇంట్లో సాధనకి మాత్రం చక్కగా సరిపోతుంది.

కిలో లెక్క చెప్తాను. మొదటి నీళ్లు పోసి రెండుసార్లు తిప్పి వెంటనే పారబోయాలి, ఎందుకంటే పొడిగింజ ఆ నీళ్లనే గబుక్కున తాగుతుంది, తవుడు వాసనంతా వాటిలోనే ఉంటుంది. తర్వాత నీళ్లు వంచేసి, వేళ్లు విప్పి గుండ్రంగా తిప్పుతూ కడగాలి. అరచేత్తో రుద్దితే గింజ విరుగుతుంది, విరిగింది ఉడికి జిగురవుతుంది. నాలుగైదు నీళ్లకి దాదాపు తేటపడుతుంది, అక్కడ ఆపేయొచ్చు. 30 నిమిషాలు నానబెట్టి, జల్లెడలో 15 నిమిషాలు ఒడగట్టాలి. జల్లెడలో వదిలేసి ఫోను చూస్తూ కూర్చుంటే పై గింజలు ఆరి పగుళ్లిస్తాయి. ఆపైన 1.1 లీటరు నీళ్లు, చిన్న కొంబు (ఎండు సముద్రపు నాచు) ముక్క. బోరు నీళ్లతో వండితే మెతుకు బిరుసుగా, ఓ రకం పసుపుగా వస్తుంది. మొదటి కడుగుకి, నానబెట్టడానికి, వండడానికి ఆర్‌ఓ నీళ్లే వాడాలి. కొత్త బస్తా విప్పిన ప్రతిసారీ కొలత 20, 30 మి.లీ. అటూ ఇటూ మార్చి చూసుకోవాలి, పాత పంట ఎక్కువ తాగుతుంది. కుక్కర్ ఆగాక మూత తీయకుండా 15 నిమిషాలు.

కలిపే పులుపు: రైస్ వెనిగర్ 160 మి.లీ., చక్కెర 80 గ్రాములు, ఉప్పు 22 నుంచి 25 గ్రాములు. కరిగేంతవరకే వేడి చెయ్యాలి, మరిగితే పులుపు ఆవిరైపోతుంది. పులిహోర కలిపిన చేతికి ఇక్కడ ఒక అలవాటు మానాల్సి వస్తుంది. పులిహోరకి అన్నం పళ్లెంలో ఆరబెట్టి కలుపుతాం. దీనికి పొగలు కక్కుతుండగానే పోయాలి. వేడిమీద మెతుకు పులుపుని లోపలికి పీల్చుకుంటుంది, చల్లారాక పోస్తే పైపైన తడిగా మిగిలి చేతికి అంటుకుంటుంది. హంగిరి అనే చెక్కతొట్టిని ముందే తడిపి తుడవాలి, లేకపోతే చెక్కే వెనిగర్ తాగేస్తుంది. పులుపుని అన్నం హస్తం, అంటే వెడల్పాటి గరిటె మీదుగా అన్నమంతటా పడేలా పోసి, ఆ గరిటెని ఏటవాలుగా పట్టి కోసినట్టు కలపాలి. పిసకడం, నొక్కడం లేదు. విసనకర్ర మొదటి నిమిషంలో వద్దు. పులుపు లోపలికి దిగాకే విసరాలి, అప్పుడు పైతడి పోయి మెరుపొస్తుంది. చాలామంది తొందరపడి పోసీ పోయగానే ఫ్యాన్ పెడతారు, అన్నం ఒక పక్క పుల్లగా, ఒక పక్క చప్పగా ఉండేది అందుకే.

ఆ అన్నం ఒంటివేడి దగ్గర, అంటే 36, 37 డిగ్రీల్లో ఉండాలి. వేడి నిలిచే డబ్బాలో పెట్టి, పిండిన తడిగుడ్డ కప్పాలి. ఫ్రిజ్‌లో పెడితే పిండిపదార్థం గట్టిపడి ఇసుక నమిలినట్టుంటుంది. ఏసీ గాలి నేరుగా డబ్బామీద కొట్టేచోట నిలబడితే పైపొర గంటలో ఎండిపోతుంది. కౌంటర్‌లో మీ చోటు ఎక్కడన్నదానికంటే ఏసీ గ్రిల్ ఎటు తిరిగి ఉందన్నది ముందు చూసుకోండి. వండిన అన్నం వెచ్చగా గంటలకొద్దీ ఉంచితే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా విషం తయారుచేస్తుంది, మళ్లీ వేడిచేసినా ఆ విషం పోదు. వెనిగర్ ఆ బ్యాక్టీరియా పెరగకుండా ఆపుతుంది, కానీ చాలినంత పోసినప్పుడే. పులుపు కొలత పీహెచ్ (అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 4.6 కంటే తక్కువ ఉండి తీరాలి, 4.2 దగ్గరికి తెస్తే నిశ్చింత. కస్టమర్లకి పులుపు నచ్చట్లేదని వెనిగర్ తగ్గించమనే మేనేజర్‌కి చెప్పవలసిన జవాబు ఇదే. పులుపు ఎంత ఉన్నా నాలుగు గంటలు దాటిన అన్నం పారేయాలన్నది మంచి కౌంటర్లలో నియమం.

కిలో బియ్యం రెండుంపావు కిలోల అన్నమవుతుంది, 18 గ్రాముల చొప్పున సుమారు 120 నిగిరిలు. ఈ 18 గ్రాములే తర్వాతి చదువు.

నటనలోంచి ఇక్కడికి తెచ్చుకోదగింది ఒకటే ఒకటి, కంటిన్యుటీ. మాస్టర్ షాట్‌లో ఏ మాట దగ్గర గ్లాసు ఎత్తామో క్లోజప్‌లోనూ అదే మాట దగ్గర, అదే చేత్తో, అంతే ఎత్తుకి ఎత్తాలి. ఎన్నో టేకైనా సరే. నిగిరి అచ్చంగా ఆ క్రమశిక్షణే. ప్రతి టేకులో కొత్త రంగు వేద్దామనే నటుడి ఉబలాటం మాత్రం గేటు దగ్గర వదిలేయాలి. ఒకే పళ్లెంలో ఎనిమిది ముక్కలు పక్కపక్కన కూర్చుంటాయి; ఒకటి 16 గ్రాములు, ఇంకోటి 21 అయితే కంటికి వెంటనే దొరికిపోతుంది.

సాధన ఇలా. తూకం ముందు పెట్టుకుని, చూడకుండా అన్నం తీసి, ఆ తర్వాత తూయాలి. గ్రాము అటూ ఇటూ పడేదాకా చేప జోలికి వెళ్లొద్దు. ఎక్కువ తీసి, కొంచెం డబ్బాలోకి విదిలించే అలవాటుకి జపనీయులు సుతె షారి అని పేరే పెట్టారు. అది ఒకసారి చేతికి పట్టిందంటే వదలదు, వేగాన్ని సగం చేస్తుంది. చేతులు తడుపుకోవడానికి తెజు అని, కొంచెం వెనిగర్ కలిపిన చన్నీళ్లు గిన్నెలో పెట్టుకోవాలి. వేళ్ల కొసలు ముంచి, అరచేతులు ఒకసారి చరుచుకుంటే చాలు. ఎక్కువైతే ముక్క విడిపోతుంది, తక్కువైతే మెతుకులు అరచేతికి అంటుకుంటాయి.

చేప ఎడమ వేళ్ల మొదట్లో, కుడి చూపుడువేలితో వసాబి అనే ఘాటైన పచ్చ ముద్ద, దానిమీద అన్నం. ఎడమ బొటనవేలితో అన్నం మధ్య చిన్న గుంట నొక్కాలి. లోపల గాలి మిగిలేది ఆ గుంటలోనే. తిప్పి చేప పైకి తెచ్చి, పక్కలు కుడి బొటనవేలు, చూపుడువేలితో సరిచేసి, పైన రెండు వేళ్లతో ఒక నొక్కు, అటునుంచి ఇటు తిప్పి ఇంకో నొక్కు. ఆరేడు సెకన్లలో చెయ్యి విడవాలి, లేకపోతే ఒంటివేడికి చేప కొవ్వు కరిగి జిడ్డుగా మెరుస్తుంది. మన చెయ్యి చిన్నప్పటినుంచి ముద్ద కలిపి గట్టిగా అదిమిన చెయ్యి. అదే బలం ఇక్కడ వాడితే రాయి. సరిగ్గా కుదిరింది పళ్లెంలో పెట్టగానే వెంట్రుకవాసి కిందికి దిగుతుంది, చాప్‌స్టిక్‌తో ఎత్తితే నిలుస్తుంది, నాలుక మీద విడిపోతుంది. కొన్ని హోటళ్లు గ్లవ్స్ తప్పనిసరి అంటాయి. అప్పుడు ఒక సైజు చిన్నవి బిగువుగా వేసుకుని, తెజు కొంచెం ఎక్కువ వాడాలి. ఉంగరం, ముంజేతి దారాలు, సెంటు, తలనూనె, ఏవీ వద్దు. సెంటు గురించి నటులకి రెండుసార్లు చెప్పాలి.

కత్తి గురించి క్లుప్తంగా. ముక్కలు కోసేది యానగిబా, 270 మి.మీ. వాడుకలో ఎక్కువ, చేప తల, ముళ్లు కొట్టేది దేబా, 180 మి.మీ. ఇవి ఒకవైపే పదును ఉన్న కత్తులు. ఎడమచేతివాళ్లకి వేరే చేస్తారు, కుడివాళ్ల కత్తి అప్పు తీసుకుంటే కోత పక్కకి లాగుతుంది. సానరాయి 1000, 3000, 6000 గ్రిట్ (అంకె పెరిగేకొద్దీ సన్నరాయి). ఏటవాలు ముఖం పూర్తిగా రాయికి ఆనాలి. మార్కర్ పెన్‌తో ఆ ముఖమంతా రంగు పూసి నాలుగు సార్లు రాస్తే ఎక్కడ ఆనట్లేదో కనిపిస్తుంది. వెనకవైపు కొద్దిగా పల్లంగా ఉంటుంది, అటు బల్లపరుపుగా పెట్టి సన్నరాయి మీద ఒకటి రెండు గీతలు, అంచున లేచిన పొర ఊడేంత మాత్రమే. వెనకవైపు కొంచెం ఎత్తిపెట్టి రాస్తే ఆ కత్తి పాడైనట్టే. కార్బన్ స్టీల్ అయితే చెన్నై ఉప్పుగాలికి రాత్రికి రాత్రే తుప్పు. తుడిచి, ఆరబెట్టి, పల్చగా కమీలియా నూనె. మొదటి కత్తికి అయిదంకెల ధర పెట్టకండి, మొదటి ఏడాది రాయి మీద అరిగిపోయేది అనుభవం లేకే. కోతలో రంపంలా ముందుకీ వెనక్కీ ఆడించకూడదు. పిడి దగ్గర మొదలై మొన దగ్గర ముగిసే ఒకే లాగుడు. నిగిరి ముక్క 7, 8 సెం.మీ. పొడవు, 3 సెం.మీ. లోపు వెడల్పు, 12 గ్రాముల చుట్టూ, చేప గీతలకి అడ్డంగా.

చేప దగ్గర తెలుగువాళ్లందరికీ ఒక పొరపాటు అభిప్రాయం ఉంటుంది: తెల్లవారుజామున కాసిమేడు రేవులో దిగిన చేప తాజాగా ఉంది కాబట్టి పచ్చిగా తినొచ్చని. తాజాదనం వేరు, పచ్చిగా పనికిరావడం వేరు. సముద్రపు చేపలో అనిసాకిస్ పురుగు ఉండొచ్చు, ఎంత తాజాగా ఉంటే అంత చురుగ్గా ఉంటుంది. వెనిగర్‌లో, ఉప్పులో ఊరేస్తే అది చావదు, కాబట్టి కానాగంతలని ఊరవేసి ఇచ్చేవాళ్లు కూడా ముందు గడ్డకట్టించాల్సిందే. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పే లెక్క మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు, లేదా మైనస్ 35లో గడ్డకట్టించి అక్కడే 15 గంటలు. ఇంటి ఫ్రీజర్ తలుపు తీసినప్పుడల్లా, కరెంటు పోయినప్పుడల్లా ఆ లెక్క తప్పుతుంది. ఉష్ణోగ్రత రాసుకునే డీప్ ఫ్రీజర్ కావాలి. కొరమీను, శీలావతి, బొచ్చె, అంటే చెరువు, నది చేపలు కౌంటర్ మీదికి పచ్చిగా రావు. ఆ మాటకి మినహాయింపు లేదు.

ట్యూనా, కానాగంత, వంజరంలాంటి వాటితో ఇంకో చిక్కు. పడవలోనే ఐసు తక్కువై కొన్ని గంటలు వెచ్చగా ఉంటే హిస్టమిన్ అనే విషపదార్థం పుడుతుంది. అది వండినా పోదు, గడ్డకట్టించినా పోదు, వాసనకీ తెలియకపోవచ్చు. తిన్న కాసేపటికే ముఖం ఎర్రబడి తలనొప్పి వస్తే అదే. అందుకని రేటు కంటే ముందు సరఫరాదారుని అడగాల్సింది పడవలో ఐసు సంగతి. ట్యూనా ముక్క రోజులు గడిచినా చెర్రీపండు రంగులోనే మెరుస్తుంటే కార్బన్ మోనాక్సైడ్ పెట్టారేమో అనుమానించాలి; దాని తాజాదనం రంగుని బట్టి చెప్పలేం. గడ్డకట్టిన ట్యూనా దిమ్మెని 3 శాతం ఉప్పు కలిపిన, 40 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు కడిగి, తుడిచి, పేపర్ టవల్ చుట్టి ఫ్రిజ్‌లో నెమ్మదిగా కరగనివ్వాలి. బయట బల్లమీద కరిగిస్తే నీరంతా కారి పిప్పి మిగులుతుంది. వాక్యూమ్ కవర్‌లో ఉంటే కరిగించేముందే కవరు కోసేయాలి, గాలి లేనిచోట పెరిగే బాట్యులినం అనే ప్రమాదకరమైన బ్యాక్టీరియా భయం ఉంది.

సాల్మన్ మాత్రం దాదాపు అంతా నార్వేలో పెంపకం చేసినదే, విమానంలో థర్మోకోల్ పెట్టెల్లో వస్తుంది. జపాన్‌లో పసిఫిక్ సాల్మన్‌ని పురుగుల భయంతో పచ్చిగా తినేవారు కాదు. 1980ల్లో నార్వేవాళ్లు పనిగట్టుకుని తమ పెంపకం సాల్మన్‌ని సుషీకి అలవాటు చేశారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో 61 రోజులు మరపడవలకి వేట నిషేధం, ఆ రోజుల్లో మెనూ పూర్తిగా ఈ పెట్టెల మీదే నడుస్తుంది. పెట్టె మీద కోత తేదీ చూడకుండా సంతకం పెట్టకండి.

చెన్నై తేమ దెబ్బ ముందు తగిలేది రోల్ చుట్టే నోరి అనే కాగితానికి. సముద్రపు నాచుతో చేసే ఈ కాగితం 19 సెం.మీ. వెడల్పు, 21 సెం.మీ. పొడవు ఉంటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, ప్యాకెట్ విప్పి పెడితే నిమిషాల్లో మెత్తబడి తోలులా సాగుతుంది. సిలికా జెల్ వేసిన గట్టిమూత డబ్బాలోంచి ఆర్డరుకి తగ్గట్టు తీయాలి; మెత్తబడినదాన్ని సన్నమంట మీద రెండు మూడు సెకన్లు ఆడిస్తే కొంత తేరుకుంటుంది. గరుకు ముఖం పైకి ఉంచి దానిమీద అన్నం పరవాలి. సన్నరోల్‌కి సగం కాగితం, 80 నుంచి 90 గ్రాముల అన్నం, ఆరు ముక్కలు. అన్నం బయటికుండే రోల్‌కి 110 గ్రాములు, ఎనిమిది ముక్కలు. కోసే ప్రతిసారీ కత్తి తడిగుడ్డకి తుడవకపోతే మూడో ముక్క దగ్గర నోరి చిరుగుతుంది.

మన ఊళ్లో శాకాహార బల్ల చిన్న విషయం కాదు. వేరే పలక, వేరే కత్తి, వేరే గుడ్డ ఉంటే సరిపోదు. గుడ్డు అట్టులో పోసే దాషీ అనే రసంలో ఎండుచేప ఉంటుంది. నారింజ రంగు గింజలు చేపగుడ్లు. మిరిన్ అనే తీపి వంట ద్రవంలో ఆల్కహాల్ ఉంటుంది. "వెజ్ రోలే కదా బాబూ?" అని పెద్దావిడ అడిగితే తల ఊపే ముందు ఇవన్నీ ఒకసారి తలచుకోవాలి.

కౌంటర్ ముందు నిలబడే రోజు వచ్చాక నటుడికి అసలు పరీక్ష. కత్తి గాల్లో తిప్పడం, బ్లోటార్చ్ మంట ఎత్తు పెంచడం, జపనీస్ యాసలో కేకలు, ఇవన్నీ నోరూరిస్తాయి. జపనీస్ అతిథికి పలకరింపు ఒక్కటి చాలు, తర్వాత నిశ్శబ్దం. మొదటిసారి పచ్చి చేప తినడానికి వచ్చిన కుటుంబానికి ఉడికించిన రొయ్యతో మొదలుపెట్టి, పైపైన కాల్చిన సాల్మన్, ఆ తర్వాతే ట్యూనా. వాళ్ల ముఖం చూసి తర్వాతి ముక్క మార్చడం, ఇదొక్కటి నటుడు మిగతావాళ్లకంటే త్వరగా నేర్చుకుంటాడు. "మీరు ఆ సీరియల్లో చేశారు కదండీ" అని సెల్ఫీ అడిగేవాళ్లు ఉంటారు. ఇవ్వండి, కానీ బల్ల వదిలి బయటికొచ్చి, తిరిగొచ్చాక చేతులు సబ్బుతో కడుక్కుని.

ఈ పని రావడానికి పదేళ్లు పడుతుందనే మాట వింటూంటాం. టోక్యోలో కొన్ని వారాల్లో నేర్పే బళ్లూ ఉన్నాయి. కదలికలు కొన్ని నెలల్లో వస్తాయి, నిజమే. రద్దీ రాత్రిలో వందో ముక్క మొదటిదానిలా రావడానికే ఏళ్లు. జపాన్ వెళ్లి పనిచెయ్యాలంటే 2019లో మొదలైన, నైపుణ్యం ఉన్న విదేశీ పనివాళ్లకిచ్చే స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసాలో రెస్టారెంట్ పని ఒక విభాగం. భారత్ 2021 జనవరిలో దానికి ఒప్పందం చేసుకుంది. ఆ విభాగపు నైపుణ్య పరీక్షతో పాటు జపనీస్ భాషా పరీక్షల్లో జేఎల్‌పీటీ ఎన్4 స్థాయి గాని, జేఎఫ్‌టీ బేసిక్ గాని కావాలి. చెన్నైలో ఏబీకే-ఏఓటీఎస్ దోసోకై అనే సంస్థలో జపనీస్ నేర్పుతారు, డైలాగులు బట్టీపట్టిన బుర్రకి ఎన్4 మరీ కష్టమేం కాదు. జేఎల్‌పీటీ జులైలో, డిసెంబర్‌లో, ఆదివారం పూట పెడతారు. దరఖాస్తు గడువు నెలల ముందే ముగుస్తుంది. ఆ ఆదివారం సెలవు కూడా అప్పుడే షెఫ్‌ని అడిగి రోస్టర్‌లో రాయించుకోండి.